తెగులు ఆగకపోయినా సరే, నెమ్మదిస్తే చాలు: వేరుశనగలో తట్టుకునే రకాల తయారీ

(తిరుపతిలో వ్యవసాయ విద్యార్థులు, విత్తనం పండించే రైతులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. ముందు ఈ రెండు ఆకులూ చూసి పక్కవాళ్లకు అందించండి. మొదటి ఆకు మీద మచ్చ గోధుమరంగులో ఉంది, చుట్టూ పసుపు వలయం ఉంది. విత్తిన నెలకే కనబడే తిక్క మచ్చ అది. రెండో ఆకు మీద మచ్చ దాదాపు నల్లగా, గుండ్రంగా ఉంది. దాన్ని తిప్పి అడుగుభాగం మీద వేలు పెట్టండి, గరుకుగా తగులుతుంది. భూతద్దంలో చూస్తే సన్నటి నల్ల చుక్కలు వలయాలు వలయాలుగా పేర్చినట్టు ఉంటాయి. తెగులును ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకు పాకించే సిద్ధబీజాలు పుట్టేది అక్కడే. పైరుకు యాభై రోజులు దాటాక వచ్చే తిక్క మచ్చ ఇది. పేరు ఒక్కటే అయినా శిలీంద్రాలు రెండు. ఒకదాన్ని తట్టుకున్న మొక్క రెండోదాన్నీ తట్టుకుంటుందని అనుకోవద్దు.

మూడోది తుప్పు తెగులు. ఆకు అడుగున నారింజరంగు పొక్కులు, రుద్దితే వేలికి కుంకుమలా అంటుకుంటుంది. తిక్క సోకిన ఆకు రాలిపోతుంది. తుప్పు పట్టిన ఆకు ఎండినా చాలాకాలం కొమ్మకే వేలాడుతుంది. దూరం నుంచి చేను చూసి ఏది ముదిరిందో చెప్పడానికి ఈ తేడా చాలు. ఆలస్యపు తిక్క, తుప్పు కలిసి వస్తే సగానికి పైగా దిగుబడి పోవచ్చు. ఆకు రాలితే గింజ ఊరదు. కాయను పట్టుకున్న ఊడ కూడా చివికి, పీకినప్పుడు కాయ నేలలోనే తెగిపోతుంది. పైగా పశువులు మేసే కట్టె పోతుంది. పలమనేరు, పుంగనూరు వైపు పాడి ఉన్న ఇంట్లో చెనక్కాయ కట్టె విలువ నేను చెప్పాల్సిన పని లేదు. పరిశోధన కేంద్రాల్లో చాలాకాలం కాయ తూకమే చూశారు, కట్టెను లెక్కలోకి తీసుకోలేదు. అది పొరపాటేనని నా అభిప్రాయం.

తట్టుకునే రకం అనగానే మనకు తోచేది, మచ్చ అసలు పడకూడదని. ఆ ఆశ ఎక్కడికి తీసుకెళ్తుందో గోధుమ చరిత్రలో ఉంది. గోధుమ మన దగ్గర పండదు, చపాతీ వరకే మన సంబంధం. కానీ దాని తుప్పు తెగులుకు దక్షిణాదితో పెద్ద సంబంధమే ఉంది. ఉత్తరాది మైదానాల్లో ఎండాకాలం వేడికి తుప్పు సిద్ధబీజాలు బతకవని, కొండల మీద బతికి మళ్లీ కిందికి వస్తాయని కె.సి. మెహతా అనే శాస్త్రవేత్త చూపించారు. కాండం తుప్పు విషయంలో ఆ కొండలు నీలగిరులు, పళని కొండలు. నవంబరులో బంగాళాఖాతంలో పుట్టి మనకు వాన తెచ్చే వాయుగుండాలే ఆ సిద్ధబీజాలను మధ్య భారతానికి మోసుకెళ్తాయి. అందుకే గోధుమ పరిశోధన కేంద్రం ఒకటి నీలగిరుల్లో వెల్లింగ్టన్ దగ్గర ఉంది. అక్కడ తుప్పు ఏడాది పొడవునా దొరుకుతుంది.

ఇక పీబీడబ్ల్యూ 343 అనే గోధుమ రకం సంగతి. 1995లో విడుదలైంది, మంచి దిగుబడి, ఉత్తరాన లక్షల హెక్టార్లకు పాకింది. పసుపు తుప్పు నుంచి దాన్ని కాచింది ముఖ్యంగా వైఆర్ 27 అనే జన్యువు. ఆ జన్యువును దాటగల తెగులు జాతి వచ్చింది, రకం పడిపోయింది. ఆఫ్రికాలో ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. రై ధాన్యం నుంచి గోధుమలోకి తెచ్చిన ఎస్ఆర్ 31 జన్యువు కాండం తుప్పును ఏళ్ల తరబడి ఆపింది. 1998లో ఉగాండాలో కనబడిన యూజీ 99 అనే జాతి దాన్ని దాటేసింది. ఇలాంటి జన్యువులు తాళం లాంటివి. శిలీంద్రానికి ఒక్క మార్పు కుదిరితే చాలు, మారుతాళం చెవి దొరికినట్టే.

అదే గోధుమలో ఎల్ఆర్ 34 అని మరో జన్యువు ఉంది. ఇది తుప్పును ఆపదు. పొక్కులు వస్తాయి, కానీ చిన్నవిగా, తక్కువగా, ఆలస్యంగా వస్తాయి. లేత మొక్కలో పెద్దగా పనిచేయదు, ఎదిగిన మొక్కలో పనిచేస్తుంది. ఆకు కొన కాస్త ఎండినట్టు ఉండటం దాని ఆనవాలు. దశాబ్దాలుగా వాడుతున్నా దాని బలం పోలేదు.

ఈ నెమ్మది గుణం గోధుమకు అవసరమైతే, వేరుశనగకు అంతకు ఎన్నో రెట్లు అవసరం. ఎందుకంటారా? విత్తనం లెక్క చూడండి. గోధుమ ఎకరాకు 40 కిలోలు విత్తి 18 క్వింటాళ్లు పండిస్తే, ఆ విత్తనం 45 ఎకరాలకు సరిపోతుంది. వేరుశనగ ఎకరాకు 70 కిలోల గింజలు కావాలి. 8 క్వింటాళ్ల కాయ పండిందనుకుందాం. ఒలిస్తే 560 కిలోల పప్పు. నొక్కులు, బద్దలు, పుచ్చులు ఏరేస్తే 420 కిలోలు మిగిలితే గొప్ప. అంటే 6 ఎకరాలు. మూడు పంటలు తిరిగేసరికి గోధుమలో ఒక ఎకరం 91 వేల ఎకరాలవుతుంది, వేరుశనగలో 216. ఒక రకం పడిపోతే గోధుమ వాళ్లు రెండు మూడేళ్లలో మార్చుకోగలరు. మనం మార్చుకోలేం. అందుకే మన రకంలో పెట్టే తట్టుకునే గుణం ఇరవై ఏళ్లు నిలిచేదై ఉండాలి.

నెమ్మది అంటే ఎంత? ఒక లెక్క వేస్తాను. సిద్ధబీజం ఆకు మీద పడినప్పటి నుంచి కొత్త సిద్ధబీజాలు పుట్టేదాకా ఒక రకంలో 12 రోజులు, ఇంకో రకంలో 20 రోజులు పట్టిందనుకోండి. అరవై రోజుల్లో మొదటి దాంట్లో ఐదు తరాలు, రెండో దాంట్లో మూడే. తరానికి పది రెట్లు పెరిగితే మొదటి చేలో లక్ష రెట్లు, రెండో చేలో వెయ్యి రెట్లు. రెండు చోట్లా మచ్చ పడింది, కానీ తేడా నూరు రెట్లు. మచ్చ చిన్నదై, దాని మీద సిద్ధబీజాలు తక్కువ పుడితే ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

ఈ గుణం ఎక్కడ దొరుకుతుంది? సాగులో ఉన్న వేరుశనగలో పెద్దగా లేదు. రెండు అడవి జాతులు ఎప్పుడో కలిసి, నలభై క్రోమోజోములతో పుట్టిన పంట ఇది. ఆ కలయిక అరుదైన సంఘటన కాబట్టి మన పంటలో వైవిధ్యం తక్కువ. పెరూ దేశవాళీ రకాల్లో తుప్పును తట్టుకునేవి దొరికాయి కానీ వాటి కాయకు మందపాటి పెంకు, లోతైన గీతలు, ఒలిస్తే పప్పు తక్కువ. అసలు బలం బొలీవియా అడవి జాతి కార్డెనాసి నుంచి వచ్చింది. దానికి 20 క్రోమోజోములు, మన పంటకు 40. కలిపితే 30 క్రోమోజోముల మొక్క పుడుతుంది, అది గొడ్డు. కాల్చిసిన్ అనే రసాయనంతో క్రోమోజోములను రెట్టింపు చేసి 60కి తెచ్చి, మళ్లీ మళ్లీ సాగు రకంతో కలుపుతూ పోతే అదనపువి జారిపోయి 40కి దిగుతుంది. ఆ దారిలో అడవి ముక్కలు కొన్ని మిగులుతాయి. 1960ల్లో అమెరికాలోని నార్త్ కరోలినాలో మొదలైన పని ఇది. తర్వాత మన పక్కనే, హైదరాబాద్ దగ్గరున్న అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో అలాంటి సంతతులు తయారయ్యాయి. వాటిలో ఒకదాన్ని కలిపి ధార్వాడ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం జీపీబీడీ 4 తీసింది. తుప్పునూ ఆలస్యపు తిక్కనూ రెండింటినీ తట్టుకునే రకం అది.

ఇప్పుడు సంకరం చేసే పని. విద్యార్థులు ఎక్కువగా తప్పులు చేసేది ఇక్కడే. వేరుశనగ పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది, విచ్చుకునే ముందే దాని పుప్పొడి దానికే అంటుకుపోతుంది. కాబట్టి ముందు రోజు సాయంత్రం మూడు నుంచి ఐదు గంటల మధ్య మొగ్గలోంచి కేసరాలు తీసేయాలి. తల్లి మొక్కలను కుండీల్లో పెంచి, కుండీలను కంటి ఎత్తుకు బల్ల మీద పెట్టండి. నేల మీద వంగి చేస్తే పది మొగ్గలకే నడుము పట్టి, పదకొండోది చెడుతుంది.

ఏ మొగ్గ? పసుపు కొన రక్షక పత్రాలను దాటి తొంగిచూస్తున్న మొగ్గ. మరీ చిన్నది తీసుకుంటే కీలం, అంటే పువ్వులోని ఆడ భాగపు సన్నటి కాడ, తెగుతుంది. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలి మధ్య మొగ్గను ఆనించి పట్టుకోండి. సన్నకొన పటకారుతో ద్రోణి (మధ్యలో పడవలా ఉండే రేకు) వైపున్న రక్షక పత్రాన్ని కిందికి వంచండి. పెద్ద రేకును వెనక్కి తెరవండి, పక్క రేకులు రెండింటినీ కిందికి నొక్కండి. ద్రోణిని మెల్లగా ముందుకు లాగితే కేసరాలు బయటపడతాయి. పది కాడలుంటాయి, సాధారణంగా ఎనిమిదింటికే పుప్పొడి తిత్తులుంటాయి. ఎనిమిదీ లెక్కపెట్టి తీయండి. ఏడు తీసి ఊరుకుంటే మీరు చేసింది సంకరం కాదు. తర్వాత రేకులను మళ్లీ మూసేయాలి, లేకపోతే పుప్పొడి అంటాల్సిన కీలం కొన, అంటే కీలాగ్రం, రాత్రికి ఎండుతుంది. ఆ కణుపు దగ్గర రంగు దారం వదులుగా కట్టండి. ఒక్క మొగ్గ నుంచి ఇంకో మొగ్గకు పోయేటప్పుడు పటకారును స్పిరిట్‌లో ముంచి ఆరనివ్వండి. తడి పటకారు తగిలినా కీలాగ్రం మాడుతుంది.

మర్నాడు ఉదయం ఆరు నుంచి ఎనిమిదింటి లోపు తండ్రి మొక్క పువ్వు తెచ్చి, ద్రోణిని వేళ్లతో నొక్కితే కొన నుంచి పుప్పొడి ముద్దగా బయటికొస్తుంది. దాన్ని కీలాగ్రానికి అద్దండి. మన ఎండకు తొమ్మిది దాటాక చేసిన పని ఎక్కువగా వృథా. పువ్వు కింద కాడలా కనిపించేది నిజానికి కాడ కాదు, రక్షక పత్రాల గొట్టం. అండాశయం అట్టడుగున, కణుపులో ఉంటుంది. కాబట్టి పువ్వుకు కట్టిన దారం పువ్వుతో పాటే ఎండి రాలిపోతుంది. వారం లోపు ఆ కణుపు నుంచి ఊడ బయలుదేరగానే ఊడకే ఇంకో దారం కట్టండి. ఆ మొక్క మీద మీరు ముట్టని పువ్వులన్నీ రోజూ గిల్లేయాలి. ఒక్క ఆదివారం మానేస్తే సోమవారం నుంచి ఏ ఊడ ఎవరిదో తెలియదు.

అయినా దొంగ సంకరాలు వస్తాయి. తండ్రి పాకే రకమైతే పిల్ల మొక్క కొమ్మల తీరు చూసి కొంత చెప్పొచ్చు. నమ్మకంగా చెప్పాలంటే డీఎన్ఏ పరీక్షే. మొలక ఉన్న వైపు కాకుండా గింజకు రెండో కొసన చిన్న ముక్క కోసి పంపితే చాలు, మిగతా గింజ మామూలుగా మొలుస్తుంది. పరీక్షలో డీఎన్ఏ ముక్కలు గీతలుగా కనిపిస్తాయి. తల్లి గీత, తండ్రి గీత రెండూ కనిపిస్తేనే అది సంకరం.

రెండో తరానికి ఎన్ని మొక్కలు కావాలన్నది చాలామంది స్థలాన్ని బట్టి తేలుస్తారు. అలా కాదు. మనకు కావలసిన జన్యుస్థానాలు (క్రోమోజోము మీద జన్యువు ఉండే చోట్లు) మూడనుకుంటే, మూడూ స్థిరపడిన మొక్క 64కి ఒకటి వస్తుంది. అలాంటిది కనీసం ఒక్కటైనా దొరకడానికి 95 శాతం అవకాశం ఉండాలంటే దాదాపు 190 మొక్కలు కావాలి. రెండు స్థానాలైతే 47 చాలు. మొలకశాతం పోను ఆ 190కి 240 గింజలు విత్తండి. ఒక్క మొక్క దొరికితే దిగుబడికి ఎంపిక చేసుకునే వీలుండదు కనుక, స్థలముంటే దీనికి ఐదు రెట్లు వేయడమే నాకిష్టం.

ఆ తర్వాత తెగులు మడి. సహజంగా వస్తుందిలే అని వదిలేస్తే వర్షం లేని ఏడాది అన్నీ తట్టుకునేవే అవుతాయి. ప్రతి నాలుగు సాళ్లకు ఒక సాలు, తెగులు తేలిగ్గా సోకే టీఎంవీ 2 రకం వేయండి. తెగులు మోసే సాలు అది, పరీక్ష సాళ్ల కంటే పది పదిహేను రోజుల ముందే విత్తాలి. నిరుటి తెగులు ఆకు చెత్త దాచి ఆ సాళ్ల మధ్య చల్లండి, తిక్కకు అది చాలు. తుప్పు అలా కుదరదు, దాని సిద్ధబీజాలు ఎండుచెత్తలో ఎక్కువకాలం బతకవు. కుండీల్లో పచ్చి మొక్కల మీద పెంచి తెచ్చి సాళ్ల మధ్య పెట్టాలి. పొద్దుగూకేవేళ రోజూ ఓ పావుగంట స్ప్రింక్లర్లు ఆడించాలి. నేల తడవడం ముఖ్యం కాదు, రాత్రంతా ఆకు తడిగా ఉండాలి. పగలు ఆడిస్తే నీళ్లూ కరెంటూ దండగ.

రెండు తెగుళ్లూ కలిసి వస్తే దేన్ని కొలుస్తున్నామో తెలియదు. దీనికి పాత ఉపాయం ఉంది. తుప్పును మాత్రమే చూడాలంటే కార్బెండజిమ్ కొట్టండి, తిక్క అణగుతుంది, తుప్పు మీద అది పనిచేయదు. తిక్కను మాత్రమే చూడాలంటే ట్రైడెమార్ఫ్ కొట్టేవారు, అది తుప్పును అణచి తిక్కను వదిలేసేది; 2018లో మన దేశంలో ఆ మందును నిషేధించారు. రైతులకు కూడా ఇందులో ఒక మాట ఉంది. తుప్పు పట్టిన చేలో ఉత్త కార్బెండజిమ్ కొట్టి మందు పనిచేయలేదని దుకాణదారుతో తగవు పడటం అక్కర్లేదు.

మార్కులు 1 నుంచి 9 వరకు వేస్తారు. 1 అంటే మచ్చే లేదు, 5 అంటే ఆకు 21 నుంచి 30 శాతం దెబ్బతింది, 9 అంటే 80 శాతం పైన పోయింది. ఇందులో రెండు మోసాలున్నాయి. తక్కువ కాలపు రకం 95 రోజులకే పండి ఆకు రాలుస్తుంది, దాన్ని తెగులు కింద రాసేస్తారు. ఎక్కువ కాలపు రకం అప్పటికి ఇంకా లేతగా, పచ్చగా ఉంటుంది, దానికి మంచి మార్కు పడుతుంది. ఈ ఒక్క పొరపాటుతో దిగుబడి లేని ఎక్కువ కాలపు సంతతులు ఏళ్ల తరబడి ముందుకు పోతాయి. రెండోది, స్ప్రింక్లర్ నీళ్లు అందని మూల. ప్రతి ఇరవై సంతతులకు ఒకసారి టీఎంవీ 2, ఒకసారి జీపీబీడీ 4 వేయండి. ఏ మూలనైనా టీఎంవీ 2కి 7 కంటే తక్కువ మార్కు వస్తే ఆ మూల లెక్కలన్నీ కొట్టేయండి. మనసొప్పదు, కానీ కొట్టేయాలి.

ఒక్కసారి చూసి మార్కు వేయడం చాలదు. 60, 75, 90 రోజులకు చూశారనుకోండి. ఒక సంతతిలో 5, 20, 60 శాతం ఆకు దెబ్బతింది. ఇంకోదాంట్లో 25, 45, 60. చివరి రోజు చూస్తే రెండూ ఒకటే. పక్కపక్క రెండు అంకెల సగటును మధ్యనున్న 15 రోజులతో గుణించి కూడండి. మొదటిది 787.5, రెండోది 1312.5. గింజ ఊరే రోజుల్లో మొదటి మొక్క మీద ఆకు ఉంది, రెండో దాని మీద సగం పోయింది. మనం వెతికే నెమ్మది ఈ అంకెలో కనిపిస్తుంది, 9 పాయింట్ల కొలతలో కనిపించదు.

కావలసిన జన్యువు మొక్కలో ఉందో లేదో పట్టిచ్చే డీఎన్ఏ గుర్తుల సంగతి త్వరగా చెప్పేస్తాను. జీపీబీడీ 4 సంతతుల మీద చేసి 2012లో ప్రచురించిన పనిలో, తుప్పు తేడాలో దాదాపు 83 శాతం దాకా, ఆలస్యపు తిక్క తేడాలో 62 శాతం దాకా ఒక్కొక్క జన్యుస్థానమే కారణమని తేలింది. తుప్పుది ఏ03 క్రోమోజోము మీద ఉంది. ఆ గుర్తులు పట్టుకుని జేఎల్ 24, టీఏజీ 24, ఐసీజీవీ 91114 రకాల్లోకి ఆ ముక్కను ఎక్కించారు. తిరిగి తల్లి రకంతో రెండుసార్లు కలిపితే 87.5 శాతం, మూడోసారికి 93.75 శాతం తల్లి లక్షణం వెనక్కి వస్తుంది. ల్యాబ్ ఉంటే మడిలో పడే రెండేళ్లు మిగులుతాయి.

నాకున్న భయం మాత్రం చెప్పాలి. ఇప్పుడు దేశంలో తయారవుతున్న తట్టుకునే రకాల్లో చాలావాటికి ఆధారం ఆ ఒకే అడవి మొక్క నుంచి వచ్చిన ఆ ఒకే ముక్క. అది ఇప్పటికి నెమ్మదింపజేసే గుణమే. అయినా 83 శాతం పని ఒక్కచోటే ఉందంటే నాకు పీబీడబ్ల్యూ 343 గుర్తొస్తుంది. ల్యాబ్‌లో గీత కనబడిందని మడిని మానేయొద్దు. గీత ఉన్న సంతతుల్లోనే మళ్లీ ఎవరి మచ్చ చిన్నది, ఎవరి ఆకు ఎక్కువ రోజులు నిలిచింది అని ఏరాలి. అప్పుడు పేరు తెలియని చిన్నచిన్న జన్యువులు కూడా వెంట వస్తాయి. ఇక ప్రశ్నలు.

ప్రశ్న (విద్యార్థిని): సార్, చోటు తక్కువైతే ల్యాబ్‌లోనే ఆకు మీద పరీక్ష చేయొచ్చా?

చేయొచ్చమ్మా. నాలుగు రెక్కల ఆకును కాడ మొదట ఉబ్బుగా ఉండే చోట నుంచి కోసి, పోషక ద్రావణంతో తడిపిన ఇసుక ట్రేలో గుచ్చి, సిద్ధబీజాల నీళ్లు పిచికారీ చేసి, మూత పెట్టి సుమారు 23 డిగ్రీల దగ్గర ఉంచండి. మచ్చ ఎన్నో రోజుకు వచ్చింది, సిద్ధబీజం ఎన్నో రోజుకు పుట్టింది, మచ్చ ఎంత వెడల్పు, ఈ మూడూ రాసుకోండి. అన్ని సంతతుల నుంచీ ఒకే వయసు ఆకు తీసుకోవాలి, పై నుంచి మూడోదైతే మూడోదే. ముదురాకు, లేతాకు కలిపితే రకం తేడా కాక ఆకు వయసు తేడా కొలిచినవాళ్లవుతారు.

ప్రశ్న (రైతు): తట్టుకునే రకం వేస్తే ఇక మందే కొట్టనక్కర్లేదా?

ఆకు తెగుళ్లకు పిచికారీలు తగ్గుతాయన్నా, మూడు కొట్టే చోట ఒకటి సరిపోవచ్చు. మచ్చలు పెరుగుతుంటే ఎకరాకు హెక్సాకొనజోల్ 400 మిల్లీలీటర్లు 200 లీటర్ల నీళ్లలో. కానీ మొదలు కుళ్లు, కాండం కుళ్లు వేరే శిలీంద్రాలు, నేలలోంచి వస్తాయి. ఆకు మచ్చను తట్టుకునే రకానికి వాటి నుంచి రక్షణ లేదు. కాబట్టి కిలో విత్తనానికి టెబుకొనజోల్ ఒక గ్రాము గానీ, మాంకోజెబ్ 3 గ్రాములు గానీ పట్టించడం మానొద్దు.

ప్రశ్న (రైతు): మా విత్తనం మేమే దాచుకుంటే గుణం పోతుందా?

పోదన్నా. తన పుప్పొడి తనకే అంటుకునే పంట కదా, జన్యువు ఎక్కడికీ పోదు. పోయేది కల్తీ వల్ల. కళ్లంలో పక్క చేను కాయ కలవడం, నిరుడు రాలిన కాయ మొలిచి ఈ పైరులో కలిసిపోవడం. ఆ మొలకలు రెండు రకాలా చేటు, తుప్పు ఒక పంట నుంచి ఇంకో పంటకు దాటేది వాటి మీదే. విత్తనానికి వేయబోయే చేలో ముందు పంట వేరుశనగ కాకుండా చూసుకోండి. 80, 90 రోజుల మధ్య ఒకసారి చేనంతా నడవండి. చుట్టూ పచ్చగా ఉండి ఒకటే మొక్క ఆకు రాల్చి ఉంటే అది మీ రకం కాదు, పీకేయండి. కాయను నీడలో ఆరబెట్టి, ఊపితే గలగలలాడాక, తేమ 9 శాతం లోపుకు వచ్చాక గోతాల్లో పోయండి. పప్పు ఒలిచి దాచొద్దు, విత్తే వారం ముందు ఒలుచుకోండి.